సర్వర్లు పది దాటాక ఏది పట్టుకోవాలి: యాన్సిబుల్, పప్పెట్, సాల్ట్, షెఫ్

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు, మేం చూసుకునే ఒక ఆఫీసులో కింద అంతస్తులో ఉన్న సర్వర్ రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయింది. డేటా బ్యాకప్ క్లౌడ్‌లో ఉంది కాబట్టి దాని గురించి టెన్షన్ పడలేదు, కొత్త మెషిన్ కూడా త్వరగానే దొరికింది. కానీ ఆ సర్వర్‌ను నాలుగేళ్లుగా ఎలా కట్టుకుంటూ వచ్చామో, డేటాబేస్‌లో ఏ సెట్టింగ్ మార్చామో, ప్రింటర్ల కోసం ఏ ప్యాకేజీని పాత వెర్షన్‌లోనే ఆపి పెట్టామో, ఫైర్‌వాల్‌లో ఏ బ్రాంచికి దారి ఇచ్చామో ఒక్కచోట రాసి లేదు. మళ్లీ నిలబెట్టడానికి మూడు రోజులు పట్టింది. అదే వారంలో ఇంకో కస్టమర్ సర్వర్, అన్ని సెట్టింగులూ ఫైళ్లలో రాసి పెట్టుకున్నది, మధ్యాహ్నం మొదలుపెడితే చీకటి పడేలోపు లేచింది.

కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ ఎందుకు అని ఎవరైనా అడిగితే నేను ఈ రెండు సర్వర్ల సంగతే చెబుతాను. సర్వర్ ఎలా ఉండాలో ఫైళ్లలో రాస్తారు, ఆ ఫైళ్లను గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్) పెడతారు, ఒక సాఫ్ట్‌వేర్ వాటిని చదివి సర్వర్‌ను అలా తయారుచేస్తుంది. ఒకసారి నడిపినా పదిసార్లు నడిపినా ఫలితం ఒకటే, అన్నీ సరిగ్గా ఉంటే "మార్చేదేమీ లేదు" అని చెప్పి ఊరుకుంటుంది. ఆలోచన కొత్తది కాదు, ఓస్లోలో మార్క్ బర్జెస్ 1993లోనే సీఎఫ్ఇంజిన్‌తో మొదలుపెట్టాడు. తర్వాత 2005లో పప్పెట్, 2009లో షెఫ్, 2011లో సాల్ట్, 2012లో యాన్సిబుల్ వచ్చాయి.

ఈ నాలుగింటిలో ఏది తీసుకోవాలన్నదే ఇక్కడి విషయం. విజయవాడ, గుంటూరు, మంగళగిరి చుట్టుపక్కల ఐదు నుంచి రెండు మూడొందల సర్వర్ల దాకా చూసుకునే చిన్న టీములను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. వేల సర్వర్లున్న కంపెనీల లెక్క వేరు.

## ముందు తేల్చుకోవాల్సినవి

అందరూ మొదట ఫీచర్లు పోల్చుతారు. ప్యాకేజీ వేయడం, ఫైలు మార్చడం, సర్వీసు రీస్టార్ట్ చేయడం, యూజర్‌ను పెట్టడం నాలుగూ చేస్తాయి, అక్కడ పెద్ద తేడా లేదు. నా అనుభవంలో తేడా అంతా ఈ కింది ప్రశ్నల దగ్గర వస్తుంది.

తలుపు ఎవరు తట్టాలి? మీరు సర్వర్ దగ్గరికి వెళ్తారా, సర్వరే మీ దగ్గరికి వస్తుందా? ముంబై రీజియన్‌లోనో హైదరాబాద్ రీజియన్‌లోనో ఉన్న క్లౌడ్ సర్వర్లైతే మీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు అందుబాటులో ఉంటాయి, మీరే వెళ్లి తట్టొచ్చు. కానీ గుంటూరు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో స్టాక్ లెక్కల కోసం పెట్టిన చిన్న సర్వర్లున్నాయనుకోండి, అవి లోకల్ ఫైబర్ కనెక్షన్ వెనక ఉంటాయి, సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి చేరుకునే ఇంటర్నెట్ చిరునామా) ఉండదు, ఒకే ఐపీని పదిమంది పంచుకుంటారు, పైగా రాత్రి గుమాస్తా ఇంటికెళ్తూ స్విచ్ ఆపేస్తాడు. అలాంటి మెషిన్‌ను మీరు బయటి నుంచి తట్టినా తలుపు తెరుచుకోదు. అదే బయటికి వచ్చి మిమ్మల్ని అడగాలి. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే.

చేత్తో మార్చినదాన్ని ఎవరు సరిచేస్తారు? అర్ధరాత్రి ఏదో ఆగిపోయిందని ఎవరో సర్వర్‌లోకి వెళ్లి ఫైలు మార్చేస్తారు, పొద్దున్న చెప్పడం మర్చిపోతారు. ఆరు నెలలకు ఒకే పని చేసే పది సర్వర్లు పది రకాలుగా ఉంటాయి. దీన్నే డ్రిఫ్ట్ అంటారు. కొన్ని టూల్స్ దాన్ని వాటంతట అవే పట్టుకుని వెనక్కి తెస్తాయి, కొన్ని మీరు నడిపినప్పుడే చూస్తాయి.

మీరు సెలవులో ఉంటే ఎవరు? సంక్రాంతికి మీరు ఊరెళ్లినప్పుడు టీములో మిగిలిన మనిషి ఆ ఫైలు తెరిచి చదివి, అర్థం చేసుకుని, ఒక లైను మార్చగలగాలి. చిన్న టీముల్లో మనుషులు ఏడాదికో రెండేళ్లకో హైదరాబాద్, బెంగళూరు వెళ్లిపోతుంటారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఇంకా రెండున్నాయి: మీ పాత మెషిన్లు ఎంత పాతవి, ఆ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది. వీటిని ఎక్కడికక్కడ చెబుతాను.

## షెల్ స్క్రిప్టులు సరిపోవా?

మూడు సర్వర్లుంటే సరిపోతాయి. కానీ స్క్రిప్టు "ఈ పని చెయ్" అంటుంది, "ఇలా ఉండాలి" అనదు. ఫైలు చివర ఒక లైను చేర్చే స్క్రిప్టును రెండుసార్లు నడిపితే లైను రెండుసార్లు పడుతుంది. దాన్ని ఆపడానికి ముందు చెక్ చేసే లైన్లు రాయాలి, ఉబుంటు లైనక్స్‌కి ఒకటి, రెడ్‌హ్యాట్ లైనక్స్ రకాలకి ఒకటి రాయాలి, మధ్యలో ఆగిపోతే ఏం చేయాలో రాయాలి, అలా రాసుకుంటూ పోతే చివరికి మీరే ఒక చిన్న యాన్సిబుల్ తయారుచేస్తున్నారన్నమాట. అక్కడిదాకా వచ్చారంటే ఇక మారిపోండి.

## యాన్సిబుల్

మైకేల్ డెహాన్ మొదలుపెట్టాడు, 2015లో రెడ్‌హ్యాట్ కొనేసింది. ఎక్కువమందికి నేను మొదట దీన్నే చెబుతాను, కారణం కూడా చెబుతాను. సర్వర్‌లో ఏ ఏజెంటూ (అక్కడే ఉండి పనిచేసే చిన్న ప్రోగ్రామ్) వేయక్కర్లేదు. ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) లోపలికి వెళ్లగలిగితే, అవతల పైథాన్ ఉంటే చాలు. మీ ల్యాప్‌టాప్ నుంచే ఈ సాయంత్రం మొదలుపెట్టొచ్చు. విండోస్ ల్యాప్‌టాప్ అయితే నేరుగా నడవదు, డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లైనక్స్ నడిపే ఏర్పాటు) లోపల పెట్టుకోవాలి.

ప్లేబుక్, అంటే చేయాల్సిన పనులు రాసిన ఫైలు, యామెల్ అనే తేలికపాటి రాత పద్ధతిలో ఉంటుంది, పైనుంచి కిందికి రాసిన వరుసలోనే నడుస్తుంది. డెవాప్స్ కోర్సు చేసి వచ్చిన ఏ కుర్రాడికైనా ఇది కాస్తో కూస్తో తెలిసే ఉంటుంది, తెలియకపోయినా రెండు రోజుల్లో చదవగలుగుతాడు. ఇందాకటి మూడో ప్రశ్నలో దీనికే ఎక్కువ మార్కులు.

నాకు బాగా నచ్చేది ఇంకొకటుంది. చెక్ మోడ్, డిఫ్ రెండూ కలిపి నడిపితే ఏ ఫైలులో ఏ లైను మారబోతోందో ముందే చూపిస్తుంది. అన్ని పనులకూ చెక్ మోడ్ పనిచేయదు, ముఖ్యంగా మామూలు షెల్ కమాండ్లను అది దాటేస్తుంది, కానీ కాన్ఫిగరేషన్ ఫైళ్ల విషయంలో ఇది చూడకుండా నేను దేన్నీ లైవ్‌లో నడపను. సీరియల్ అనే సెట్టింగ్‌తో పది సర్వర్లలో ముందు రెండింటి మీదే నడిపి, బాగుంటేనే మిగతావాటికి వెళ్లేలా పెట్టొచ్చు. హాస్పిటళ్ల బిల్లింగ్ లాంటివి చూసుకునేవాళ్లకు ఇది చాలా అవసరం, సూర్యారావుపేటలో ఓపీ నడుస్తున్నప్పుడు సర్వర్లన్నీ ఒకేసారి రీస్టార్ట్ అయితే కౌంటర్ దగ్గర జనం ఏమవుతారో ఆలోచించండి.

ఇక ఇబ్బందులు. ఒకటి, వేగం. మామూలుగా ఒకేసారి ఐదు సర్వర్లకే వెళ్తుంది, ఫోర్క్స్ (ఒకేసారి వెళ్లే సర్వర్ల సంఖ్య) పెంచాలి, ఎస్‌ఎస్‌హెచ్ రాకపోకలు తగ్గించే పైప్‌లైనింగ్ ఆన్ చేయాలి. ఎన్ని చేసినా మూడొందల మెషిన్ల మీద పెద్ద ప్లేబుక్ నడిపితే టీ తాగి రావచ్చు. రెండు, డ్రిఫ్ట్‌ను ఇది తనంతట తాను సరిచేయదు. మీరు నడపకపోతే ఏమీ జరగదు.

మూడోది చాలామంది చివరి నిమిషంలో తెలుసుకునేది: పాత మెషిన్లు. యాన్సిబుల్ కోర్ 2.17 నుంచి అవతలి మెషిన్‌లో కనీసం పైథాన్ 3.7 ఉండాలి. సెంట్ఓఎస్ 7 అనే పాత లైనక్స్‌లో వచ్చేది పైథాన్ 2.7, రెడ్‌హ్యాట్ 8 రకాల్లో సిస్టమ్‌తో వచ్చేది 3.6. కొత్త ల్యాప్‌టాప్‌లో కొత్త యాన్సిబుల్ వేసుకుని పాత సర్వర్‌ను తట్టగానే వింత ఎర్రర్లు వస్తే కారణం ఇదే. 2.16 దగ్గర ఆగాలి, లేదా ఆ సర్వర్లను మార్చాలి. సెంట్ఓఎస్ 7కి 2024 జూన్ 30తోనే సపోర్టు అయిపోయింది కాబట్టి మార్చడమే మంచిది.

తలుపు ప్రశ్నలో మేం దెబ్బతిన్నది కూడా దీనితోనే. కోల్డ్ స్టోరేజీల సర్వర్లకు రౌటర్‌లో పోర్టు తెరిచి యాన్సిబుల్‌తో వెళ్లేవాళ్లం. ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు చెప్పకుండా కనెక్షన్‌ను షేర్డ్ ఐపీకి మార్చారు. మూడు చోట్ల మెషిన్లు అందకుండా పోయాయి, రెండు నెలలు వాటికి ఒక్క అప్‌డేట్ కూడా పడలేదు, స్క్రీన్ మీద వచ్చే ఎర్ర రంగు ఎర్రర్ లైన్లను "మెషిన్ ఆఫ్‌లో ఉంది కాబోలు" అనుకుని మేం వదిలేశాం. ఇప్పుడు క్లౌడ్‌లో ఒక చిన్న సర్వర్ పెట్టి, బ్రాంచి మెషిన్లన్నీ వైర్‌గార్డ్ అనే వీపీఎన్ టన్నెల్‌తో దానికి కలిసేలా చేశాం. టన్నెల్‌ను బ్రాంచి మెషినే బయటికి తెరుస్తుంది కాబట్టి షేర్డ్ ఐపీ అయినా ఫర్వాలేదు.

యాన్సిబుల్ పుల్ అని ఇంకో దారి ఉంది, దీన్ని తక్కువమంది వాడతారు. ప్రతి మెషిన్ క్రాన్‌తో (టైమ్ ప్రకారం పనులు నడిపేది) గిట్ నుంచి ప్లేబుక్‌లు తెచ్చుకుని తన మీద తానే నడుపుకుంటుంది. కరెంటు వచ్చి మెషిన్ లేచాక తన పని తను చేసుకుంటుంది. కాకపోతే ఏ మెషిన్‌లో ఏమైందో ఒకచోట కనిపించదు, ఆ ఏర్పాటు మీరే చేసుకోవాలి. పైగా గిట్‌లో ఉన్నదంతా ప్రతి బ్రాంచికీ వెళ్తుంది, కాబట్టి ఒక బ్రాంచి పాస్‌వర్డ్ ఇంకో బ్రాంచి మెషిన్ చేతికి పోకుండా రిపోజిటరీని విడగొట్టుకోవాలి.

## పప్పెట్

పప్పెట్ ఆలోచనే వేరు. ప్రతి సర్వర్‌లో ఒక ఏజెంట్ ఉంటుంది. అది ప్రతి 30 నిమిషాలకు పప్పెట్ సర్వర్ దగ్గరికి వచ్చి "నేను ఫలానా, నా వివరాలివీ" అంటుంది, సర్వర్ దానికి ఎలా ఉండాలో చెప్పే కేటలాగ్ తయారుచేసి ఇస్తుంది, ఏజెంట్ దాన్ని అమలు చేసి రిపోర్టు పంపుతుంది. అర్ధరాత్రి ఎవరైనా చేత్తో మార్చిన ఫైలు, పప్పెట్ చేతిలో ఉన్నదైతే, అరగంటలో మళ్లీ యథాస్థానానికి వస్తుంది. డ్రిఫ్ట్ విషయంలో నాలుగింటిలో ఇదే గట్టిది. ఆడిట్ జరిగే చోట, బ్యాంకు పనులో ప్రభుత్వ టెండర్ పనులో చేసే చోట, "అన్ని సర్వర్లూ ఇలాగే ఉన్నాయి" అని రిపోర్టుతో చూపించగలగడం చాలా విలువైనది.

తలుపు ప్రశ్నలో కూడా దీనికి బలం ఉంది. ఏజెంటే బయటికి వస్తుంది, కాబట్టి షేర్డ్ ఐపీ అడ్డు కాదు. పప్పెట్ సర్వర్ అందకపోతే ఏజెంట్ తన దగ్గర దాచుకున్న పాత కేటలాగ్‌నే అమలు చేస్తుంది. ఇంటర్నెట్ రెండు రోజులు లేకపోయినా బ్రాంచి మెషిన్ కట్టు తప్పదు. ఏజెంట్ తనకు కావాల్సిన రూబీ ప్రోగ్రామింగ్ భాషను తనతోనే తెచ్చుకుంటుంది, అవతలి మెషిన్‌లో ఏ వెర్షన్ ఉందన్న గొడవ కూడా లేదు.

మరి అందరికీ ఇదే ఎందుకు చెప్పను? నేర్చుకోవడం బరువు. దీనికి సొంత భాష ఉంది, సెట్టింగుల విలువలను విడిగా పెట్టుకునే హియెరా ఉంది, మాడ్యూళ్లు ఉన్నాయి, ఏది దేని తర్వాత జరగాలో సంబంధాలుగా రాయాలి. ఒక్కసారి అర్థమైతే అందంగా ఉంటుంది, కానీ కొత్త కుర్రాడికి ఆ ఒక్కసారి రావడానికి నెల పడుతుంది. ఏజెంట్, సర్వర్ ఒకదాన్నొకటి గుర్తుపట్టే సర్టిఫికెట్లు ఇంకో తలనొప్పి: బ్రాంచి మెషిన్‌లో బ్యాటరీ పోయి గడియారం వెనక్కి వెళ్లిందంటే సర్టిఫికెట్ చెల్లదంటుంది, కనెక్షన్ ఆగిపోతుంది. పప్పెట్ సర్వర్ జావా మీద నడుస్తుంది, మామూలుగానే 2 జీబీ హీప్ (జావా వాడుకునే మెమరీ) అడుగుతుంది, చిన్న క్లౌడ్ మెషిన్‌లో పెడదామంటే కుదరదు.

ఇప్పుడు ఎవరి చేతిలో ఉందన్న సంగతి. 2022లో పెర్‌ఫోర్స్ కంపెనీ పప్పెట్‌ను కొన్నది. తర్వాత ఓపెన్ సోర్స్ ప్యాకేజీలు అందరికీ ఇచ్చే పద్ధతి మార్చింది, దాంతో కమ్యూనిటీ 2025లో అదే కోడ్‌తో ఓపెన్‌వాక్స్ పేరుతో వేరు కుంపటి పెట్టింది. మీరు డబ్బు కట్టకుండా ఇవాళ కొత్తగా మొదలుపెడుతుంటే ఓపెన్‌వాక్స్ వైపే చూడండి.

## సాల్ట్

థామస్ హ్యాచ్ దీన్ని ముందు వేగం కోసమే రాశాడు, ఆ వేగం ఇప్పటికీ కనిపిస్తుంది. ఆర్డర్లు ఇచ్చే ఒక మాస్టర్, ప్రతి సర్వర్‌లో మినియన్ అనే ఒక ఏజెంట్. మినియనే మాస్టర్‌కు కనెక్షన్ తెరిచి పట్టుకుని కూర్చుంటుంది, మీరు ఆర్డర్ వేయగానే రెండొందల మెషిన్లు ఒకేసారి కదులుతాయి. అంటే తలుపు మెషినే తెరుస్తుంది, మాట మాత్రం మీరు చెప్పినప్పుడే వెళ్తుంది. షేర్డ్ ఐపీ వెనక ఉన్న బ్రాంచిలకు ఇది చాలా బాగా సరిపోయే ఏర్పాటు. "ఏ మెషిన్‌లో డిస్క్ 90 శాతం దాటింది" లాంటి ప్రశ్న అడిగి కొన్ని సెకన్లలో జవాబు తెచ్చుకోవడం యాన్సిబుల్‌తో అంత హాయిగా ఉండదు. స్టేట్ ఫైళ్లు, అంటే సర్వర్ ఎలా ఉండాలో రాసేవి, యామెల్‌లోనే ఉంటాయి, పైథాన్ కూడా దానితోనే వస్తుంది.

రెండు జాగ్రత్తలు. ఆర్డర్ వేసిన క్షణంలో ఆఫ్‌లో ఉన్న మినియన్‌కు ఆ ఆర్డర్ అందదు, తర్వాత లేచినా రాదు. రాత్రి స్విచ్ ఆపేసే చోట్ల మినియన్ లేవగానే స్టేట్ నడిపేలా, రోజుకో రెండుసార్లు షెడ్యూల్ మీద నడిపేలా మీరే పెట్టాలి. రెండోది భద్రత. 2020లో సాల్ట్ మాస్టర్‌లో తీవ్రమైన లోపం బయటపడింది, మాస్టర్ పోర్టులు 4505, 4506 ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టుకున్న ఎంతోమంది సర్వర్లలోకి దొంగలు దూరారు. మాస్టర్ పోయిందంటే దాని కింద ఉన్న ప్రతి మెషిన్‌లో రూట్ (పూర్తి అధికారం) పోయినట్టే. కాబట్టి మాస్టర్‌ను వీపీఎన్ లోపలే పెట్టండి, ఈ విషయంలో రాజీ పడకండి.

ఇదీ చేతులు మారింది, 2020లో వీఎంవేర్ కొన్నది, 2023లో వీఎంవేర్‌నే బ్రాడ్‌కామ్ కొనేయడంతో ఇదీ దాని చేతికి వెళ్లింది. 2024 చివర్లో ప్యాకేజీల చిరునామా కూడా మారింది, పాత బ్లాగుల్లో ఉన్న ఇన్‌స్టాల్ కమాండ్లు అందుకే పనిచేయవు.

## షెఫ్

క్లుప్తంగా చెబుతాను. సర్వర్ ఎలా ఉండాలో చెప్పే ఫైళ్లను ఇందులో రెసిపీలు అంటారు, వాటిని రూబీలో రాస్తారు, టెస్టులు రాసే సంస్కృతి బాగా ఉంది, టీములో రూబీ డెవలపర్లుంటే దీని బలం ఇంకెక్కడా దొరకదు. లేకపోతే కొత్తగా మొదలుపెట్టడానికి నాకు కారణం కనిపించడం లేదు. 2019లో కోడ్ అంతా ఓపెన్ సోర్స్ చేశారు కానీ తయారుచేసి ఇచ్చే ప్యాకేజీలకు కమర్షియల్ లైసెన్స్ పెట్టారు, 2020లో ప్రోగ్రెస్ కంపెనీ కొన్నది. ఉచితంగా కావాలంటే సింక్ అనే కమ్యూనిటీ ప్యాకేజీలున్నాయి. ఇప్పటికే షెఫ్ ఉన్న కంపెనీలో చేరితే మాత్రం శ్రద్ధగా నేర్చుకోండి, మార్చేద్దామని మొదటి నెలలోనే అనకండి.

## ఒకచోట చూస్తే

| ప్రశ్న | యాన్సిబుల్ | పప్పెట్ | సాల్ట్ | షెఫ్ |
|---|---|---|---|---|
| తలుపు ఎవరు తడతారు | మీరు (పుల్ అయితే మెషిన్) | మెషిన్ | కనెక్షన్ మెషిన్‌ది, ఆర్డర్ మీది | మెషిన్ |
| ఏజెంట్ | అక్కర్లేదు | కావాలి | కావాలి | కావాలి |
| డ్రిఫ్ట్ సరిచేయడం | నడిపినప్పుడే | 30 నిమిషాలకోసారి | షెడ్యూల్ పెడితే | ఏజెంట్ నడిచిన ప్రతిసారీ |
| రాసే భాష | యామెల్ | సొంత భాష | యామెల్ | రూబీ |
| కొత్తవాళ్లకు | తేలిక | బరువు | మధ్యస్తం | బరువు |
| ముందు చూసుకోవాల్సింది | అవతలి పైథాన్ వెర్షన్ | గడియారం, సర్టిఫికెట్లు | మాస్టర్ భద్రత | ప్యాకేజీల లైసెన్స్ |

## మీరెవరు అన్నదాన్ని బట్టి

క్లౌడ్‌లో యాభై లోపు సర్వర్లు, ఇద్దరో ముగ్గురో మనుషులు ఉంటే యాన్సిబుల్, ఇంకేం ఆలోచించకండి. డ్రిఫ్ట్ కోసం రోజూ రాత్రి ఒకసారి చెక్ మోడ్‌లో నడిపి, మారబోయేవి ఏమైనా ఉంటే మెయిల్ వచ్చేలా పెట్టుకోండి, చాలావరకు సరిపోతుంది.

కాలేజీ ల్యాబులు చూసుకునేవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు. అరవై లైనక్స్ మెషిన్లు, పిల్లలు రోజూ ఏదో ఒకటి మారుస్తారు, పరీక్షల ముందు అన్నీ ఒకేలా ఉండాలి. అక్కడ మెషిన్లన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటాయి, కానీ ఎప్పుడు ఏది ఆన్‌లో ఉంటుందో తెలియదు. పప్పెట్ బాగా సరిపోతుంది, కానీ దాన్ని నేర్చుకునే తీరిక ల్యాబ్ అసిస్టెంట్‌కు ఉండదు. యాన్సిబుల్ పుల్‌ను మెషిన్ లేవగానే నడిచేలా పెట్టమంటాను.

బ్రాంచిలు ఎక్కువ ఉన్నవాళ్ల విషయమే కష్టం. ఇరవై బ్రాంచిల దాకా వైర్‌గార్డ్ మీద యాన్సిబుల్‌తో లాగించొచ్చు, మేం అదే చేస్తున్నాం. అంతకు మించితే ఎన్ని మెషిన్లు ఎప్పుడు అందుతాయో లెక్క పెట్టుకోవడమే ఒక ఉద్యోగం అవుతుంది. అప్పుడు సాల్ట్‌కు గాని ఓపెన్‌వాక్స్‌కు గాని వెళ్లాలి. బ్రాంచి మెషిన్లతో రోజూ మాట్లాడాల్సిన పని ఉంటే సాల్ట్, ఒకసారి పెట్టి వదిలేసి అలాగే నిలబడాలంటే ఓపెన్‌వాక్స్. మాకు ఆ లెక్క దాటితే నేను ఓపెన్‌వాక్స్ తీసుకుంటాను, ఎందుకంటే ఇంటర్నెట్ లేనప్పుడు కూడా పాత కేటలాగ్‌తో నిలబడటం మా పనికి అన్నిటికన్నా ముఖ్యం.

ఉద్యోగం కోసం నేర్చుకుంటున్నవాళ్లు యాన్సిబుల్ బాగా నేర్చుకుని, ఆ తర్వాత పప్పెట్ ఆలోచన మాత్రం చదవండి.

ఏది తీసుకున్నా ఒకటి గుర్తుంచుకోండి. ఫైలులోంచి ఒక ప్యాకేజీ లైను తీసేస్తే సర్వర్‌లోంచి ఆ ప్యాకేజీ పోదు. "ఇది ఉండకూడదు" అని విడిగా రాయాలి. మానేసి వెళ్లిన ఉద్యోగి పేరు లిస్టులోంచి తీసేసి, అతని లాగిన్ కూడా పోయిందనుకునేవాళ్లను చాలామందిని చూశాను.

మొదలుపెట్టేటప్పుడు డేటాబేస్ జోలికి వెళ్లకండి. ముందు టైమ్ సింక్, తర్వాత యూజర్లు, వాళ్ల ఎస్‌ఎస్‌హెచ్ కీలు, తర్వాత ఫైర్‌వాల్, బ్యాకప్ జాబ్. ఈ నాలుగూ రాశాక ఒక ఖాళీ వర్చువల్ మెషిన్ తీసుకుని ఫైళ్లతోనే కట్టి చూడండి, చేత్తో ఒక్క కమాండ్ కూడా కొట్టకుండా లేస్తేనే లైవ్ సర్వర్లకు వెళ్లండి. గుంటూరులో కోల్డ్ స్టోరేజీల పని చూసేవాళ్లైతే మిర్చి వచ్చే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లో ఏదీ ముట్టుకోకండి, మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చిన రోజుల్లో పెట్టుకోండి.